మూడుసార్లు చదివితే పది నిమిషాలు

మా ఇంట్లో గోడ గడియారం ఉండేది కానీ వంటింట్లో దాని మాట చెల్లేది కాదు. పాలు కాగడానికి గణపయ్య స్తోత్రం రెండుసార్లు చదవాలి, అన్నం వార్చడానికి నాలుగుసార్లు. అదీ అమ్మ లెక్క. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నేను బడికి పోలేదు. అక్షరాలూ ఎక్కాలూ అన్నీ ఆ పొయ్యి పక్కనే నేర్చుకున్నాను. ఆ భాగ్యానికి దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. దాంతోపాటు కాస్త గర్వం కూడా అంటుకుందని చాలాకాలం తెలియలేదు.

కేజీఎఫ్ బంగారు గనుల దగ్గరున్న యూనివర్సిటీలో చేరాక, క్యాంపస్‌లో ఎవరికి దెబ్బ తగిలినా ఆసుపత్రికి చేర్చేదాకా చూసుకునే విద్యార్థుల దళంలో చేరాను. నారింజ రంగు కోటు ఇచ్చారు. అది నాకు మోకాళ్ల దాకా వచ్చింది. మా దళానికి పెద్ద ఒక సీనియర్ అన్న. మొదటి రోజే చెప్పాడు: "రక్తం కారతా ఉంటే గుడ్డ పెట్టి పది నిమిషాలు అదిమి పట్టల్ల. నడుమ ఎత్తి చూడగూడదు. వాచీ ఉండాదా?"

"నాకు వాచీ అక్కర్లేదన్నా. స్తోత్రం మూడుసార్లు చదివితే సరిగ్గా పది నిమిషాలు."

ఆయన నవ్వి, "మంచిదే తల్లీ, బ్యాటరీ అయిపోతాదనే భయం లేదు" అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మెస్సులో వంటక్క కేక వేసింది. ఆమె గనుల్లో పనిచేసినవాళ్ల ఇంటి బిడ్డ, చర్చికి పోయే మనిషి. రాయల్పాడు నుంచి వచ్చిన మామిడికాయలు ఊరగాయకు కోస్తుంటే కత్తిపీట జారి, కుడిచేతి బొటనవేలి మొదట్లో లోతుగా తెగింది. ఆ పూట డ్యూటీలో నేనొక్కదాన్నే. అన్నకు ఫోన్ చేస్తే, "జీపు తెస్తా ఉండా. అంతవరకు గుడ్డ అదిమి పట్టు, ఎత్తొద్దు" అన్నాడు.

"ఈ చెయ్యే నాకు బువ్వమ్మా" అంది అక్క మెల్లగా.

గుడ్డ పెట్టి అదిమాను. కళ్లు మూసుకుని స్తోత్రం మొదలుపెట్టాను. నా గుండె కొట్టుకునే వేగానికి నాలుక కూడా పరుగెత్తిందని నాకు తెలియదు. మూడోసారి ముగించి, కళ్లు తెరిచి, ధీమాగా గుడ్డ ఎత్తాను. రక్తం ఎగజిమ్మి కోటు మీద పడింది.

అక్క నన్ను చూడలేదు. నా ఎదురుగా గోడకున్న గడియారాన్ని చూసింది.

"నాలుగు నిమిషాలు గూడా కాలేదు పాపా. అంత బిరబిరా చెప్తా ఉండావే, మీ దేవుడికి బస్సు తప్పిపోతాదా?"

నాకు ఏడుపొచ్చింది. గాయం ఆమెది, ఏడుపు నాది. ఎడమచేత్తో ఆమే నా వీపు తట్టింది.

"ఇంగ గట్టిగా పట్టు. గడియారం నేను చూస్తా. నువ్వు నిదానంగా చెప్పు."

మళ్లీ మొదటినుంచి అదిమి పట్టాను. ఈసారి ఒక్కో పాదం ఆగి ఆగి చదివాననే అనుకున్నాను. మూడుసార్లు అయ్యాక, "ఇంగా రెండు నిమిషాలు ఉండాది" అంది. మళ్లీ మొదలుపెట్టబోతే, "నువ్వు ఊపిరి తీసుకోమ్మా" అని, వాళ్ల చర్చిలో పాడే పాట సాగదీసి పాడింది. పాట అయ్యేసరికి గుడ్డ మీద ఎరుపు పాకడం ఆగింది. వాకిట్లో జీపు చప్పుడైంది.

కుట్లు పడ్డాయి. నరం తెగలేదనీ, వేలు ఎప్పటిలాగే పనిచేస్తుందనీ డాక్టరు చెప్పాడు. నేను ఆ రోజే వాచీ కొనుక్కున్నాను.

అక్క చేతి కోసం కురుడుమలె గణపయ్యకు మొక్కుకున్నానంటే, "నా చెయ్యి కోసమైతే నేను రాకుంటే ఎట్ల?" అని కట్టుతోనే నాతో వచ్చింది. గుడి ముందు నేను తొందరపడి కొట్టిన కొబ్బరికాయ పగలకుండా దొర్లిపోయింది. పరుగెత్తి పట్టుకొచ్చాను.

"నిదానంగా కొట్టమ్మా. ఆయన యాడికీ పోడు" అని, అక్క కట్టులోంచి బొటనవేలు ఆడించి చూపించింది.