మూడు కొట్టేసి ఒకటి రాశాను

2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలకు నన్ను నిడదవోలులో సూపర్‌వైజర్‌గా వేశారు. అప్పటికి నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని. నా కింద ఆరుగురు ఎన్యూమరేటర్లు, అంటే ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపేవాళ్లు. వాళ్లు ఎండలో తిరుగుతారు, నేను ఫ్యాను కింద కూర్చుని వాళ్ల తప్పులు పడతాను. ఆ పనంటే నాకు ప్రాణం.

ఫారంలో లింగం అనే గడిలో మగవారికి ఒకటి, ఆడవారికి రెండు, ఇతరులకు మూడు వేయాలి. ఆ మూడు గురించి శిక్షణలో చెబుతున్నప్పుడు నా ధ్యాస టిఫిన్ మీద ఉంది. స్టేషన్ వెనక వీధిలో ఇడ్లీ బండి నడిపే రాజమణి గారి ఫారంలో ఆ అంకె కనబడింది. వారి చేతి ఇడ్లీ రోజూ తినేవాణ్ణి. కట్టేది చీరే అయినా గొంతు మగగొంతు కదా అని నేనే తేల్చేసి, మూడు కొట్టేసి ఒకటి రాశాను. పక్కన దర్జాగా సంతకం కూడా పెట్టాను.

ఫారం నింపిన మహాలక్ష్మి గారు ఎలిమెంటరీ స్కూలు టీచరు, నెమ్మదైన మనిషి. మర్నాడు నా దిద్దుబాటు చూసి, ఈ సంగతి ఆ ఇంట్లో మీరే చెప్పండి, నావల్ల కాదు అన్నారు. కొన్ని ఇళ్లు సూపర్‌వైజర్ స్వయంగా సరిచూడాలని రూలుంది కనుక తప్పించుకోలేక, ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను.

రాజమణి గారు అంతా విన్నారు.

“రేషన్ కార్డులో మగ అని రాశారండి. బ్యాంకులో ఆడ అని రాశారు. ఒక్కరూ అడగలేదు. ఈ మేడం గారు అడిగారు. నేనేంటో నోరు తెరిచి చెప్పింది అదే మొదలండి. మీరు ఎవర్ని అడిగి కొట్టేశారు?”

సిగ్గేసింది. వారి ఇంటి అరుగు మీదే కూర్చుని, నా ఒకటి కొట్టేసి మూడు రాసి మళ్లీ సంతకం పెట్టాను. ఆ అంకె మీద వేలు పెట్టి, ఇదేనా అని మహాలక్ష్మి గారిని అడిగి రూఢి చేసుకున్నాకే రాజమణి గారు నన్ను లేవనిచ్చారు.

ఒకే గడిలో రెండు కొట్టివేతలేమిటని పై అధికారి నిలదీస్తే, మొదటిది నా తెలివితక్కువతనమని చెప్పాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు.

మిగిలిన ఇళ్లు సరిచూడటానికి వెళ్లినప్పుడు మగా, ఆడా, ఇతరులా అన్న ప్రశ్న నేనే అందరినీ అడిగాను. గుబురు మీసాల రిటైర్డ్ రైల్వే గార్డు గారైతే నన్ను గేటు దాకా తరిమారు. అయినా మానలేదు. రాజమణి గారినొక్కరినే అడిగితే అది ఆరా తీయడం. గార్డు గారినీ అడిగితేనే అది జనాభా లెక్క.