మొండిఘటం

చేతులు కడిగించందే మా మేనత్త ఎవరికీ మంచినీళ్ళైనా ఇచ్చేది కాదు. ఒళ్ళు మండి మేం సబ్బత్త అని పేరు పెట్టాం. ఆవిడ ఉద్యోగమూ శుభ్రమే. ఎక్కడో దూరపు గ్రహం చుట్టూ తిరిగే ఓ చందమామకి మంచు కింద సముద్రం ఉందట. అక్కడ జీవం వెతకడానికి వెళ్ళే అంతరిక్షనౌకను దూదితో తుడిచి, ఆ దూదికి మన సూక్ష్మజీవులేమైనా అంటుకున్నాయేమో పెంచి చూసేది.

వేడికీ మందుకీ చావనిది ఒక్కటే మిగిలింది. గాజుపళ్ళెంలో పసుపుపచ్చ చుక్క, అంచున ముళ్ళలాంటి పోగులు. అత్త దాన్ని మొండిఘటం అనేది.

"ఒకటీ అరా ఉంటే ఫరవాలేదమ్మా, అక్కడి చలికి అదే చస్తుంది," అన్నాడు పైఅధికారి. నౌక వెళ్ళిపోయింది.

ఏళ్ళు గడిచాక ఓ మధ్యాహ్నం టీవీలో ఆ మంచు అడుగు బొమ్మ చూపించారు.

"అత్తా, జీవం దొరికింది! మీ నౌకే కనిపెట్టింది!" అని గంతేశాను.

తెర నిండా పసుపుపచ్చ. అంచున ముళ్ళలాంటి పోగులు.

అత్త కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "ఇది మనదేరా."

నా మొహం వాడిపోయింది. "అయితే అక్కడ ఏ జీవమూ లేదన్నమాట."

"లేకపోతే," అంది అత్త తెర మీంచి చూపు తిప్పకుండా, "ఇది ఇంతగా దేన్ని తిని బలిసిందిరా?"