ఏ వారానికి ఆ వారం

జర్మనీలో నాకు ఫార్మసిస్టుగా లైసెన్సు వచ్చిన రెండో ఏడు. ఎర్లాంగెన్ నుంచి రైల్లో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్ళో, చర్చి ఎదుటి అపొటేకెలో పనిచేస్తున్నాను. అపొటేకె అంటే మందుల షాపే గానీ, చీటీ చూసి మందు తీసిచ్చి పంపేస్తే ఇక్కడ కుదరదు. ఇంకేం మందులు వాడుతున్నారు, దీన్ని ఎలా వేసుకోవాలో తెలుసా అని అడిగి తీరాలి. ఆ ఊళ్ళో అంతకుముందు మన దేశపు ఫార్మసిస్టు ఎవరూ లేరు. మొదట్లో కొందరు పెద్దవాళ్ళు నన్ను చూసి, పక్క కౌంటర్ ఖాళీ అయ్యేదాకా షాంపూలు తిరగేస్తూ నిలబడేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. పైకి మాత్రం నవ్వుతూ గూటెన్ మోర్గెన్ చెప్పేదాన్ని.

మందుల కొట్టు నాకు కొత్తేమీ కాదు. మాది క్యాంపు కుటుంబం. మా తాత తణుకు దగ్గర ఉన్న కాస్త పొలం అమ్ముకుని కర్ణాటకలో తుంగభద్ర కాలువ కిందికి వెళ్ళి, తుమ్మచెట్లు కొట్టి, ముళ్ళు ఏరి, మడి కట్టిన మనిషి. అలా వెళ్ళినవాళ్ళు వేసుకున్న ఊళ్ళనే క్యాంపులంటారు. గుడిసెలో ఉన్న రోజుల్లో మా నాయనమ్మ తొలి బిడ్డ జ్వరంతో పోయింది. మందు దొరికే ఊరికి బండి మీద పూట ప్రయాణం. నాన్న పెద్దయ్యాక సేద్యం పెదనాన్నకి వదిలేసి, వడ్లు పోసుకునే గదిలో సగం ఖాళీ చేయించి, క్యాంపులో మొట్టమొదటి మందుల కొట్టు పెట్టాడు. చదువు రాని కన్నడ కూలీలు వస్తే కాగితం మీద సూర్యుడినీ చంద్రుడినీ గీసి, ఎప్పుడు వేసుకోవాలో చూపించేవాడు. మన తెలుగువాళ్ళు వస్తే గీతలూ గీయడాలూ ఏమీ లేవు. "మనోళ్ళకి బొమ్మలెందుకే, చెబితే చాలదూ!" అనేవాడు. నేను ఆ బల్ల పక్కన కూర్చుని స్ట్రిప్పులు కత్తిరిస్తూ పెరిగాను.

కరుణమ్మగారిని మొదటిసారి చూసిన రోజున ఆవిడ చెవుల్లో వేసుకునే మందు పట్టుకుని, దగ్గు మందు ఇదేనా అని తెలుగులో గొణుక్కుంటూ నిలబడి ఉంది. "అమ్మా, అది చెవిదండీ" అన్నాను తెలుగులో. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"నీ కడుపు చల్లగుండ! ఎన్నాళ్ళకి వింటన్నా తెలుగు మాట, బయట!"

అరవై దాటిన మనిషి, తెనాలి వైపు. కూతురు షారోన్ ఎర్లాంగెన్‌లో ఇంజనీరు, ఇల్లు మాత్రం ఈ ఊళ్ళోనే. ఆవిడకి జర్మన్ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అప్పటినుంచీ ఏం కావాలన్నా నా కౌంటర్‌కే వచ్చేది. బీపీ, షుగర్ మాత్రలు కలిసిపోతున్నాయంటే, ఏడు రోజులకీ ఏడు గళ్ళుండే మాత్రల డబ్బా ఇచ్చాను. దాని మీద జర్మన్ అక్షరాలుంటే, వాటి పక్కన సోమ, మంగళ, బుధ అని నేనే తెలుగులో రాసిపెట్టాను. నిజం చెప్పొద్దూ, నాకూ గర్వంగానే ఉండేది. షాంపూల దగ్గర నిలబడేవాళ్ళ ముందు నాకంటూ ఒక పేషెంటు ఉందన్న గర్వం అది.

కొన్నాళ్ళకి ఆవిడ వేళ్ళ కీళ్ళు వాచాయి. కీళ్ళవాతం అని తేల్చి స్పెషలిస్టు మెథోట్రెక్సేట్ రాశారు. ఈ మందు గురించి ఒక్క ముక్క చెప్పాలి. కీళ్ళవాతానికి దీన్ని చిన్న మోతాదులో ఏడు రోజులకి ఒక్కసారి మాత్రమే వేసుకుంటారు. రోజూ వేసుకుంటే ఎముకల్లో రక్తం తయారవడం ఆగిపోతుంది, తెల్లకణాలు పడిపోతాయి, చిన్న ఇన్ఫెక్షన్ కూడా మనిషిని తీసుకుపోతుంది. అందుకే ఏ రోజు వేసుకోవాలో డబ్బా మీద రాసి ఇస్తాం. ప్రతి ఫార్మసిస్టుకీ ఇది చదువుకునే రోజుల్లోనే నూరిపోస్తారు, నాకూ నూరిపోశారు.

ఆ గురువారం కౌంటర్ ముందు ఐదారుగురు నిలబడి ఉన్నారు. షారోన్‌కి మీటింగ్ ఉండి రాలేదు, ఫోన్ చేసింది. "అక్కా, వీక్లీ వన్స్ అని డాక్టర్ చెప్పారు. అమ్మకి మీరు తెలుగులో చెప్పేయండి ప్లీజ్, మీరు చెబితేనే వింటుంది." నేను మందు డబ్బా మీద పద్ధతి ప్రకారం డీన్స్‌టాగ్ అని, అంటే మంగళవారం అని, జర్మన్‌లో రాశాను. తర్వాత నోటితో చెప్పాను.

"ఇది ప్రతి వారం ఒకటి వేసుకోండమ్మా. మానెయ్యకూడదు, ఎక్కువా వేసుకోకూడదు."

"వారానికి ఒకటా? సరే. నువ్విచ్చిన డబ్బాలోనే సర్దుకోనా?"

"ఆఁ, సర్దుకోండి" అని వెనకాల ఉన్నాయన వైపు చూశాను.

అంతే. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

సరిగ్గా ఎనిమిది రోజులకి, శుక్రవారం మధ్యాహ్నం షారోన్ వచ్చింది. నోరు పుక్కిలించే మందు కావాలంది.

"అమ్మకి నోరంతా పొక్కింది అక్కా. అన్నం కూడా మింగలేకపోతోంది. వేడి చేసిందంటుంది. పొద్దున్నించి కాస్త జ్వరంగా కూడా ఉంది."

అరలోంచి సీసా తీసినదాన్ని అక్కడే ఆగిపోయాను. మెథోట్రెక్సేట్ వాడే మనిషికి నోరు పొక్కితే మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. షారోన్ చేత ఇంటికి ఫోన్ చేయించి, ఫోన్ నేను తీసుకున్నాను.

"అమ్మా, కీళ్ళ మాత్ర ఎప్పుడు వేసుకున్నారు?"

"పొద్దున్నే ఏసుకున్నానమ్మా." మాట ముద్దముద్దగా వస్తోంది.

"నిన్న?"

"నిన్న కూడా. నువ్వు చెప్పినట్టే, ఒక్కటి కూడా మానలా. ఏ వారానికి ఆ వారం."

షారోన్ నా మొహం చూసి "ఏమైంది అక్కా?" అంటోంది. మాత్రలు ఎన్ని మిగిలాయో చూసి చెప్పమన్నాను. పదిలో రెండున్నాయంది కరుణమ్మగారు.

మా షెఫిన్, అంటే షాపు యజమానురాలు ఫ్రావ్ లిండ్నర్, నా చేతిలోంచి సీసా తీసుకుని పక్కన పెట్టింది. నేను ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఫోన్ చేసి మందు పేరు, మోతాదు, ఎనిమిది రోజులు వరసగా వేసుకున్నారన్న సంగతి చెప్పాను. షారోన్ కారులో ఇద్దరం వెళ్ళి కరుణమ్మగారిని ఎక్కించుకున్నాం. తెల్లకోటు విప్పడం కూడా మర్చిపోయాను. దారిలో ఎవరి తప్పో షారోన్‌కి అర్థమైంది. స్టీరింగ్ పట్టుకునే ఏడ్చింది.

"జర్మన్‌వాళ్ళయితే నేనే దగ్గరుండి చూసుకునేదాన్ని. మీరు తెలుగువాళ్ళని కదా అక్కా నమ్మి పంపాను!"

వెనక సీట్లో కరుణమ్మగారు "ఆ పిల్లనేం అనమాకే" అంటూనే ఉంది, నొప్పికి నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

తెల్లకణాలు బాగా పడిపోయాయి. విడిగా గదిలో పెట్టారు. లోపలికి వెళ్ళాలంటే మాస్కు, గౌను. ఫోలినిక్ యాసిడ్ అని, ఆ మందు చేసే కీడుకి విరుగుడు ఒకటుంది. దాన్ని నరంలోకి ఎక్కించారు, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. మూడు రోజులు డాక్టర్లు ఏ సంగతీ చెప్పలేదు. నాలుగో రోజు జ్వరం దిగింది. ఆ మూడు రోజులూ నాకు తిండి సయించలేదు. నా నోటి మాట వల్ల ఒక మనిషి పోతుందేమోనన్న భయం ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది, పగవాళ్ళకి కూడా వద్దు.

షెఫిన్ నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టింది. రికార్డు తెరిచి చూపించింది.

"డాక్టర్ సరిగ్గా రాశారు. నువ్వు డబ్బా మీద రోజు రాశావు. కాగితం మీద నీ తప్పు లేదు. తెలుగులో ఏం మాట్లాడావో నాకెవరూ చెప్పలేరు."

ఆవిడ నన్ను కాపాడాలనే అంది. ఊరుకుంటే ఊరుకోవచ్చు. లైసెన్సు కోసం నేను పడ్డ పాట్లు ఆవిడకి తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు. అయినా అక్కడే కూర్చుని, పొరపాట్లు రాసే ఫారంలో నా పేరు మీద రాశాను. రోగి చదవలేని భాషలో రాసి, చదవగలిగిన భాషలో సగం మాత్రమే చెప్పానని రాశాను. మాట ఎక్కడ తప్పిందో వివరించే గడిలో మాత్రం కలం ఆగిపోయింది. నాకే తెలియదు మరి. వారానికి ఒకటి అంటే ఇంకో అర్థం ఏముంటుంది?

అది ఆవిడే చెప్పింది, నోటి పుళ్ళు మానాక. మంచం పక్కన కూర్చుని అడిగాను.

"వారానికొకటి అంటే రోజూ అని ఎలా అనుకున్నారమ్మా?"

"ఎట్టా అనుకోకూడదు? ఇయ్యాళ ఏం వారం అని అడుగుతాం కదా. ఏడు వారాల నగలంటే ఏడు రోజులకి ఏడు జతలేగా, ఏడు వారాలపాటు వేసుకునేవా? నువ్వే కదా డబ్బా మీద వారాల పేర్లు రాసిచ్చావ్. గడికొకటి ఏశా."

నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఏడు రోజుల్ని వారమంటాం, అందులో ఒక్క రోజునీ వారమే అంటాం. పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్న భాష, ఒక్కసారి కూడా తట్టలేదు. జర్మన్‌లో చెప్పేటప్పుడు ప్రతి మాటా రెండుసార్లు సరిచూసుకుంటాను, ఎక్కడ తప్పు పోతుందోనని. తెలుగు అనేసరికి మా నాన్నలాగే, చెబితే చాలదూ అనుకున్నాను.

షారోన్ చాలాకాలం నాతో మాట్లాడలేదు. దాన్ని నేను తప్పు పట్టను.

రెండు నెలల తర్వాత స్పెషలిస్టు మందు మార్చారు. ఈసారి పొట్ట మీద వేసుకునే ఇంజెక్షన్, పధ్నాలుగు రోజులకి ఒకటి. చీటీ పట్టుకుని ఆవిడ ఒంటరిగా వచ్చింది, సరాసరి నా కౌంటర్‌కే. నేను ఇవ్వలేనని షెఫిన్‌కి సైగ చేశాను. షెఫిన్ చూసీ చూడనట్టు లోపలికి వెళ్ళిపోయింది.

"షారోన్‌ని తీసుకుని రావాల్సింది అమ్మా. తను ఇంగ్లీషులో రాసుకుంటే..."

"ఎందుకు? తెలుగు మర్చిపోయావా?"

"లేదు. భయమేస్తోంది."

ఆవిడ కర్ర కౌంటర్‌కి ఆనించి నావైపు చూసింది.

"ఆ రోజు నువ్వు చెప్పావ్, నేను విన్నా. నేనేం విన్నానో నువ్వు అడగలా, అంతే. తెలుగులోనే చెప్పు. చెప్పి, నన్ను అడుగు."

చెప్పాను. అడిగాను.

"ఈ మంగళవారం ఒకటి. వచ్చే మంగళవారం ఏం లేదు, ఊరికే కూర్చోటం. ఆపై మంగళవారం ఇంకోటి."

"మధ్యలో?"

"మధ్యలో చచ్చినా లేదు" అంది కరుణమ్మగారు. అనేసి నా మొహం చూసింది. "మళ్ళీ చెప్పమంటావా?"

"చెప్పండమ్మా" అన్నాను.