నాగకేసరం మడి

పూంగావనం చెయ్యి తగిలితే ఎండుపుల్ల కూడా చిగురేస్తుందని పుదుచ్చేరి ఒర్లియంపేటలో అందరికీ గట్టి నమ్మకం. ఎవరి పెరట్లో సొరవిత్తు పెట్టాలన్నా, మునగకొమ్మ నాటాలన్నా ముందు ఆమెకు కబురు వెళ్ళేది. ఆమె వచ్చి, కొంగు బిగించి, విత్తు పెట్టి, ఆకూవక్కా వేసుకుని పోయేది. తన చేతికి అంత పేరుందని ఆమెకూ తెలుసు. తెలియనట్టు ఉండటం ఇంకా బాగా తెలుసు.

అంతటి మనిషికి తను కూలి చేసే సర్కారు తోటలో ఒక్క మడి మాత్రం పన్నెండేళ్ళుగా పక్కలో బల్లెమై కూర్చుంది. అది నాగకేసరం మడి. ఆమె పనిలో చేరిన కొత్తలో, ఒక వానాకాలం పొద్దున, అప్పటి ఫ్రెంచి తోట దొర గుప్పెడు గింజలు ఆమె దోసిట్లో పోశాడు. ఇవి సేలం కొండమీద చెట్టువి, తెల్లటి పువ్వు, నడుమ పసుపు కేసరాలు, ఈ ఊళ్ళో ఒక్క చెట్టూ లేదు, మొలిపించు చూద్దాం అన్నాడు. గింజలు చెమ్మచెమ్మగా ఉన్నాయి. కొన్ని పగిలి, లోపలినుంచి తెల్లగా ఏదో పొడుచుకొచ్చింది. దారిలో తడిసి చెడిపోయినట్టున్నాయి పాపం అనుకుని, పూంగావనం వాటిని శుభ్రంగా కడిగి, ఎండ కాసిన నాలుగు రోజులూ చాపమీద ఆరబోసి, ఆ తర్వాత విత్తింది. ఒక్కటీ లేవలేదు.

ఆమె చేయని జాగ్రత్త లేదు. బాహూరులో అమ్మమ్మ నేర్పిన విద్య అది: విత్తనం గలగలమనేదాకా ఎండాలి, బూడిద పట్టాలి, అదను వచ్చేదాకా చెమ్మ సోకకూడదు. వడ్లూ బీరా సొరా అన్నీ ఆ దారినే మొలిచాయి. అందుకని తోట మేస్త్రీ గోవిందస్వామి చేత కొండకు ఒక కాగితం కూడా రాయించింది, ఇకమీదట గింజలు తడివి పంపవద్దని. అప్పటినుంచి ప్రతి వేసవిలో, కొండమీద చల్లదనానికి పోయి తిరిగొచ్చే దొరల సామాన్లలో గింజల సంచి వచ్చేది. ఆమె విత్తేది. మడిలో గడ్డి మొలిచేది. గోవిందస్వామి పొద్దున్నే ఆ మడి ముందు ఆగి, సమాధికి పెట్టినట్టు దండం పెట్టి మరీ పోయేవాడు.

1912లో కొత్త దొర వచ్చాడు. కుర్రవాడు, కాలు ఒకచోట నిలవదు. తోటంతా గిరగిరా తిరిగి నాగకేసరం మడి దగ్గర ఆగి సంగతి విన్నాడు. వానలు వెళ్ళగానే దీన్ని తవ్వేసి క్రోటన్లు పెట్టండి అన్నాడు. పూంగావనానికి గుండెల్లో రాయి పడింది. ఇరవై రకాల చెట్లు మొలిపించిన పేరు ఒకవైపు, ఈ ఒక్క మడి ఒకవైపు. క్రోటన్లు పెడితే ఆ ఓటమికి ముద్ర పడిపోయినట్టే.

మేస్త్రీని నడుమ పెట్టుకుని ఆమె దొరను అడిగింది, పది రోజులు సెలవిస్తే ఆ చెట్టు మొహం ఒక్కసారి చూసొస్తానని. దొర నవ్వాడు. కొండకు చిత్తిరై ఎండల్లో పోతారు గానీ ఐప్పసి వానల్లో ఎవరు పోతారు, సీజను అయిపోయింది, బంగళాలకు తాళాలు పడ్డాయి, ఇప్పుడక్కడ వానా జలగలూ తప్ప ఏముంటాయి అన్నాడు.

“చెట్టుకు సీజను యాడుండాది సామీ? అది యాడికీ పోదు గదా” అంది పూంగావనం.

మేస్త్రీ ఈ మాటను ఫ్రెంచిలోకి ఎలా మార్చాడో గానీ, దొర సెలవు ఇచ్చాడు. ఇంగ్లీషువాళ్ళ అడవి ఆఫీసుకు ఒక చీటీ కూడా రాసిచ్చాడు.

తోడు మొగుడు చెల్లప్పన్. ఓడలనుంచి మూటలు దించే పడవల్లో అతనికి పని. ఐప్పసిలో సముద్రం పోట్లగిత్తలా ఉంటుంది కాబట్టి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, చెల్లప్పన్ ఇంట్లోనే ఉన్నాడు. అలలంటే లెక్కలేని మనిషికి చలి అంటే మహా భయం. అరువు తెచ్చిన కంబళి ఒకటి పుదుచ్చేరి స్టేషనులోనే, చెమటలు కారుతుండగానే కప్పుకున్నాడు.

రైళ్ళు మారి మారి రెండో రోజు సేలం దగ్గరికి వచ్చేసరికి పూంగావనం కిటికీకి అతుక్కుపోయింది. అవతల ఆకాశంలో నల్లగా ఒక మబ్బు. ఎంతసేపు చూసినా చోటు మారదు.

“మామా, ఆ మబ్బు కదల్లేదేంది?”

ఎదుటి బెంచీ ముసలాయన అది మబ్బు కాదమ్మా, కొండ అన్నాడు. ఊరి పక్క గోరిమేడు దిబ్బనే కొండ అనుకుంటూ నలభై ఏళ్ళు బతికిన మనిషి నోరు తెరిచింది, మళ్ళీ దిగేదాకా మూయలేదు.

కొండదారిలో ఆమె నడక చూసి చెల్లప్పన్‌కే ఆశ్చర్యం వేసింది. తోటలో నడుము నొప్పి అని మూలిగే మనిషి, ఇక్కడ మేకపిల్లలా ముందు పరుగు. పేరు తెలియని ప్రతి ఆకునూ తుంచి వాసన చూసేది, నలిపేది, ఇది చూడు మామా, అది చూడు మామా అనేది. ఎదురుగా మనిషి లేడు. దొరల బంగళాలు తలుపులు మూసుకుని పొగమంచులో నిలబడ్డాయి. అడవి మొత్తం తన ఒక్కదానికోసమే తెరిచిపెట్టినట్టుంది ఆమెకు. సంతోషం పట్టలేక ఒకచోట గట్టిగా నవ్వేసింది కూడా.

రిజర్వు అడవి గేటు దగ్గర కావలివాడు మునుసామి చీటీ చూశాడు. హోసూరు వైపు తెలుగాయన, వయసు మళ్ళినవాడు. పుదుచ్చేరి అనగానే అతని మొహం విప్పారింది. ఏటేటా మీ ఊరికి గింజలు ఏరి ఇచ్చేది నేనే అన్నాడు. మర్నాడు పొద్దున్నే చెట్టు దగ్గరికి తీసుకుపోయాడు.

జల్లు పడుతోంది. చెల్లప్పన్ పిక్కలనుంచి జలగలు పీక్కుంటూ వెనకబడ్డాడు. పూంగావనానికి అవేమీ పట్టలేదు. దూరంనుంచే చెట్టు కింద నేలంతా ఎర్రగా కనిపించింది, ఎవరో కుంకుమ ఒలకబోసినట్టు. పూలు రాలాయేమో అనుకుంది. కానీ నాగకేసరం పువ్వు తెలుపు గదా. దగ్గరికి పోయి మోకాళ్ళమీద కూర్చుంది.

అవి పూలు కావు. మొలకలు. వేలెడు పొడవు కూడా లేవు, ఒక్కొక్కదానికీ ఎర్రటి లేతాకులు. వందలు. వాటి నడుమ అప్పుడే రాలిన కాయలు పగిలి, చెమ్మచెమ్మగా గింజలు, ఆ గింజలనుంచి తెల్లగా వేరు పొడుచుకొస్తూ.

ఆ తెలుపును ఆమె ఇంతకుముందు చూసింది. పన్నెండేళ్ళ కిందట, తన దోసిట్లో.

వీటిని ఎవరు విత్తారన్నా అని అడిగింది. విత్తేదెవరు, ఈ నెలలో రాలతాయి, రాలిన తడిమీదే వేరు దిగుతుంది అన్నాడు మునుసామి.

“మరి మాకెందుకన్నా ఎండువి పంపిస్తా ఉండారు?”

“ఎండితే ఇది సచ్చిపోతుందమ్మా. అయినా మీ ఊరినుంచే గదా కాగితమొచ్చింది, తడివి పంపొద్దని. దొరల మాట, మనం కాదనేదుండాదా? ఇప్పుడేరి, ఎండబెట్టి, బూడిద పట్టించి, సీజన్లో వచ్చే దొరల చేతికిస్తా ఉండాను.”

పూంగావనం ఆ తడినేలమీదే చతికిలబడింది. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగకుండానే కళ్ళనీళ్ళు కారాయి. కుర్ర దొరా కాదు, కొండా కాదు, గాచారమూ కాదు. ప్రాణంతో వచ్చినవాటిని ఎండలో పోసింది తనే. కాగితం రాయించిందీ తనే.

చెల్లప్పన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. సంగతంతా విన్నాడు.

“ఎవురికీ చెప్పొద్దు పిల్లా. ఇవి తీసకపోయి నాటు. మొలస్తే నీ చెయ్యే అంటారు” అన్నాడు.

పూంగావనం కళ్ళు తుడుచుకుని లేచింది. అతని భుజంమీది కంబళి లాగి, వాగులో ముంచి, నాచు పరిచి, వేరు దిగిన గింజలు అరవైదాకా ఏరి అందులో చుట్టింది. అరువు కంబళి గతి చూసి చెల్లప్పన్ ఏడవలేక నవ్వాడు. తిరుగు రైల్లో గంటకోసారి దానిమీద నీళ్ళు చల్లుతూ, చంటిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుంది. పుదుచ్చేరి సరిహద్దు దగ్గర సుంకం జవాను మూట విప్పమన్నాడు. విప్పగానే ఒక జలగ తలెత్తి చూసింది. జవాను రెండడుగులు వెనక్కి వేసి, పొండి పొండి అన్నాడు.

ఈసారి పూంగావనం కడగలేదు, ఆరబెట్టలేదు. నీడన ఎండుటాకులు పరిచి, గింజల్ని వాటికింద వదిలేసి చేతులు దులుపుకుంది. అంతకంటే కష్టమైన పని ఆమె జన్మలో చేయలేదు. రోజుకు పదిసార్లు వచ్చి, ముట్టుకోకుండా తిరిగిపోయేది.

మార్గళి, అంటే ధనుర్మాసం, మొదటి వారంలో మడి ఎర్రబడింది. తోటలోని కూలీలంతా మూగారు. గోవిందస్వామి దండం పెట్టాడు, ఈసారి నిజంగానే. దొర పరుగున వచ్చి, వంగి చూసి, మేస్త్రీతో గబగబా ఏదో చెప్పాడు. దొరగారు క్రోటన్లు వద్దంటున్నారు, ఊళ్ళో చెప్పుకునేది నిజమే, ఈమె చేతిలో మహిమ ఉందంటున్నారు అని మేస్త్రీ అందరికీ వినిపించేలా చెప్పాడు. చెల్లప్పన్ గేటు దగ్గరనుంచి ఊరుకో అన్నట్టు సైగ చేశాడు.

పూంగావనం మొలకలవైపు చూసింది. పన్నెండేళ్ళ గింజలన్నీ ఆమెకు గుర్తొచ్చాయి.

“దొరకు సరిగ్గా చెప్పన్నా. పన్నెండేండ్లు వాటిని సంపింది నా చెయ్యే. ఇప్పుడు చెయ్యి తీసేసినాను, మొలిచినాయి.”

మేస్త్రీ ఆ మాటను ఉన్నదున్నట్టు ఫ్రెంచిలో చెప్పాడు. దొర టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఇక తనను విత్తు పెట్టమని ఎవరూ పిలవరని ఆమె అనుకుంది. ఆ శుక్రవారం పక్కింటి కన్నియమ్మాళ్ ఎప్పటిలాగే వచ్చి, సొరవిత్తనాలు ఆమె చేతిలో పెట్టింది. పూంగావనం కొంగు బిగించింది గానీ వెంటనే లేవలేదు. ఇవి యాడ కాసినాయి, ఏ నెల్లో పండినాయి అని అడిగి, అంతా విన్నాకే గుంట తవ్వింది.