తూము తాళం

ఊళ్ళో అందరూ ఆయన్ని గేటాయన అనేవారు. పెద్ద కాలువ మీది ఇనుప గేటు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. కాలువ ఆ ఊరి పొలాలను ఒరుసుకుంటూ పోయేది, నీళ్ళు మాత్రం రాజధాని అవతలి పల్లపు జిల్లాలవి. ఊరికని కట్టిన చిన్న తూముకి కట్టిన ఏడే పైనుంచి ఉత్తర్వు వచ్చి తాళం పడింది. ఆ తాళంచెవి గేటాయన నడుముకే వేలాడేది.

తూము కింద మొదటి చేను ఆయన తమ్ముడిదే. నిండు కాలువ పక్కన పైరు మాడిపోతుంటే ఎవరికి కడుపు మండదు?

"అన్నా, ఒక్క పూట తియ్యి. చచ్చి నీ కడుపున పుడతా."

"ఉద్యోగం ఊడుతుందిరా. మన రాష్ట్రం మనకి రానీ, ఆ రోజు నా చేత్తోనే తీస్తా."

గేటాయన మాటవరసకన్నాడు. తమ్ముడు దాన్నే పట్టుకున్నాడు. ప్రత్యేక రాష్ట్రం కావాలని ఏ ఊరేగింపు బయల్దేరినా ముందు వరసలో వీడే. అలాంటి ఒక ఊరేగింపులోనే పోలీసు తుపాకీ గుండు తగిలింది. ఇంటికి శవం వచ్చింది.

కొన్నాళ్ళకి రాష్ట్రమూ వచ్చింది. అందరూ టపాకాయలు కాల్చారు. కొత్త రాజధాని వెలిసింది, దానికీ దాహం వేసింది, నీళ్ళన్నీ ఇక అటే అన్నారు. తూము తాళం అలాగే ఉంచమని కొత్త ఆఫీసరు పాత మాటే చెప్పి జీపెక్కాడు.

గేటాయనకి ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం పోతే పోయిందనుకుని తమ్ముడి భార్య గుమ్మంలో నిలబడి, "బోదె కాలువ బాగుచెయ్యమ్మా, రేపు తూము తీస్తున్నా," అన్నాడు.

ఆమె పొద్దున్నే గడ్డి చెక్కి, మట్టి తోడి, బోదెని చేను దాకా అద్దంలా చేసింది. పార పట్టుకుని మడి దగ్గర నిలబడింది.

తాళం ఇట్టే వచ్చింది. తూము తలుపు ఎత్తే చక్రం కదల్లేదు. గేటాయన రెండు చేతులా వేలాడాడు, కాలు తన్నిపెట్టి లాగాడు, గునపంతో పొడిచాడు. తుప్పు పట్టి తలుపూ చట్రమూ ఒక్కటైపోయాయి.

పెద్ద గేటు మరలకి ఆయన వారం వారం గ్రీజు పూసేవాడు. ఈ తాళానికీ నూనె పెట్టేవాడు, వచ్చిన ఆఫీసర్లు చూసేది దాన్నే కాబట్టి. లోపలి తలుపుకి మాత్రం ఒక్కనాడూ ఏమీ రాయలేదు. తియ్యని తూముకి గ్రీజు దండగనుకున్నాడు. తమ్ముడికి మాటిచ్చాడే గానీ, ఆ రోజు వస్తుందని తానే ఎన్నడూ నమ్మలేదన్నమాట.

పాపం, వాడు నమ్మాడు. గేటాయన ఆ తుప్పు తలుపుకి నుదురు ఆనించి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

చేలోంచి ఆమె కేకేసింది. "బావగారూ, వదిలారా? ఇంకా రాలేదేం?"