ఎసరు పెట్టే పాట

మా పక్కింటి మైకుసెట్టన్న గత నెల రెండో మంగళవారం ఉదయం కాలం చేశారని తెలియజేయడానికి చింతిస్తున్నాను. వార్త నాకు ఎవరూ చెప్పలేదు. పెళ్ళిళ్ళ కాలంలో పది గంటలు దాటినా గోడ అవతల చప్పుడు లేకపోవడం వింతగా తోచి, నేనే వెళ్ళి చూశాను. ముంగిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. లౌడ్‌స్పీకరు బూరలు పెరట్లో గోడవారగా బోర్లించి ఉన్నాయి.

ఆయనను గురించి రాయడానికి నాకున్న అర్హతలు రెండు. ఒకటి, పుత్తూరులో ఇరవై రెండేళ్ళుగా మా రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. రెండు, ఆయనంటే నాకు అసూయ. రెండవది ఏడాదిగా మాత్రమే అమలులో ఉన్నా, మొదటిదానికంటే బలమైనది.

పెళ్ళికైనా, గంగ జాతరకైనా, చర్చి పండుగకైనా ఈ చుట్టుపక్కల మైకుసెట్టంటే ఆయనదే. మైకు పట్టుకుని గొంతు చించుకునే వక్తలను పక్కకు పిలిచి, “అరిస్తే అది మైకుకు ఇనపడదప్పా, నీకే ఇనపడతాది” అని మెల్లగా చెప్పేవారు. ఎమ్మెల్యేకైనా అదే మాట, అదే గొంతు. తాను మాత్రం మైకు ముందు నిలబడి ‘హలో, హలో’ అనగా విన్నవారు లేరు. రోజూ పదింటికి ఇంటి పెరట్లో ఒకసారి, కార్యం జరిగేచోట బూరలు కట్టడం అయ్యాక మరోసారి, ఒక అట్టపెట్టెలోంచి నల్లని రికార్డు తీసి, బనియను అంచుతో తుడిచి, ప్లేయరు మీద పెట్టేవారు. పాటలన్నీ పెన్‌డ్రైవులోకి వెళ్ళిపోయిన తర్వాత కూడా పరీక్షకు ఆ రికార్డే. పేరున్న కాగితం ఎప్పుడో ఊడిపోయింది. అందులో ఒక గిటారు ఇత్తడి గుండిగను రంపంతో కోస్తున్నట్టు మొదలై, నాదస్వరంలా సాగి, దారి తప్పి ఎటో పోయేది. బావి అడుగునుంచి పిలిచినట్టు ఒక గొంతు పిలిస్తే తిరిగి వచ్చేది. దేవుడి పాటలు ఆ తర్వాతే.

మా వైపు వంటమాస్టర్లకు అదే గడియారం. మైకు పలికితే చుట్టాలు వస్తున్నారని, చుట్టాలు వస్తున్నారంటే అన్నానికి ఎసరు పెట్టాలని అర్థం. “గిటారు మూలగనీ, పొయ్యి ముట్టిద్దాం” అనుకునేవారు. ఆ పాట ఎవరిదని ఎవరూ అడగలేదు. ఎసరు పెట్టే పాట, అంతే.

ఇక నా సంగతి. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటును. మిగిలిన వేళల్లో పాత రికార్డులు సేకరిస్తాను. ఐదుగురు సభ్యులున్న ఒక శ్రోతల సంఘానికి కార్యదర్శిని. తక్కిన నలుగురూ సమావేశాలకు రారు. పన్నెండేళ్ళుగా నేను వెతికింది ఒకే ఒక ఆల్బంకోసం. డెబ్బైల తొలినాళ్ళలో మద్రాసులో ఐదుగురు జులపాల కుర్రవాళ్ళు, గిటారును కరెంటుకు తగిలించి కలలో వినిపించినట్టు సాగదీసి వాయించే సైకడెలిక్ రాక్ అనే సంగీతంలో, ఒక రికార్డు చేశారట. ఎవరూ కొనలేదట. అమ్ముడుపోని ప్రతులన్నీ తుక్కుకు వెళ్ళాయట. దాన్ని కనిపెట్టినవాడిగా నా పేరు నిలవాలని నా కోరిక. మద్రాసు పాత సామాన్ల అంగళ్ళన్నీ తిరిగాను. ఊరూరికీ ఉత్తరాలు రాశాను. పక్కింటి మీద మాత్రం వేరే రకం ఉత్తరం రాశాను.

అది మున్సిపాలిటీకి సమర్పించిన ఫిర్యాదు. ‘ఉదయం పది గంటలకు, సంగీతమని చెప్పడానికి వీలులేని శబ్దము’ గురించి. ఆ మాట నాదే. నకలు నా దగ్గర భద్రంగా ఉంది. ఫిర్యాదు సంగతి తెలిసి ఆయన కోప్పడలేదు. అరటిపళ్ళతో మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. “నువ్వు రాసింది తప్పు కాదప్పా. వాయించినోళ్ళకే అప్పుడు అర్థం కాలేదు, నీకు యాడ అర్థమయ్యేది” అన్నారు. దాన్ని నేను క్షమాపణగా స్వీకరించి, నాటినుంచి ఆయన రికార్డు తీసిన ప్రతిసారీ కిటికీ మూయడంతో సరిపెట్టుకున్నాను.

పోయిన ఏడాది ఆ ఆల్బం ఏదో దూరదేశంలో మళ్ళీ వెలువడి, ఇంటర్నెట్టులోకి వచ్చింది. ఒక ఆదివారం ఉదయం స్నానం చేసి, కాగితం కలం ముందు పెట్టుకుని, స్పీకర్లు తెరిచాను. ఎక్కడో విన్నట్టనిపించింది. గొప్ప సంగీతం తొలిసారి వినేటప్పుడు అలాగే ఉంటుందని కాగితం మీద రాసుకున్నాను కూడా. అప్పుడు గోడ మీదుగా వదిన, అంటే అన్న భార్య, తల పైకెత్తింది.

“ఏమప్పా, మా పెట్టె మీ ఇంటికి ఎప్పుడొచ్చె? ఆయప్ప ఈడనే కాఫీ తాగతా ఉండాడే.”

ఫోనులో అట్ట మీది ఫొటో తెరుచుకుని వెళ్ళాను. ఎడమనుంచి నాలుగో మనిషి, పూలచొక్కా, గిటారు. మైకుసెట్టన్న అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

“ఆ సొక్కా నాది కాదప్పా. అడిగి తెచ్చుకున్నింది” అన్నారు.

తర్వాత మిగతాది చెప్పారు. రికార్డు వచ్చిన నెలలోనే బస్సు దిగబోయి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఎముక విరిగిన లోకమంతా ఎక్కడికి వస్తుందో ఆయనా అక్కడికే, కట్టు కట్టించుకోవడానికి పుత్తూరుకు వచ్చారు. చెయ్యి చక్కగా అతుక్కుంది. అది అతుక్కునేలోగా అక్కడ మిగిలిన నలుగురూ విడిపోయారు. కట్టు విప్పేనాటికి ఈయన బస చేసిన ఇంటి అమ్మాయి వదిన అయింది. కొన్నేళ్ళకు ఇక్కడే మైకుసెట్టు పెట్టారు. మద్రాసునుంచి మిగిలింది ఆ ఒక్క రికార్డు.

ఎవరూ వినక మరుగునపడిన ఆల్బం అని నా వ్యాసానికి రాసిపెట్టుకున్న మొదటి వాక్యం చదివి వినిపించాను. ఆయన నవ్వారు.

“ఎవురినకపోయిరి? నలభై ఏండ్లుగా పుత్తూరంతా ఇంటానే ఉండాదే.”

నాలో అసూయ నియామకం జరిగింది ఆ క్షణాన. నాకు జవాబుగా వచ్చిన ఉత్తరాలు మూడు. ఆయనకు ప్రతి ముహూర్తానికీ వెయ్యి మంది శ్రోతలు. ఆ రికార్డు నాకిమ్మని సిగ్గు విడిచి అడిగాను. “ఇస్తాలే, ఈ పెండ్లిండ్లు అయిపోనీ” అన్నారు. ఆ తర్వాత వ్యాసం ముందుకు సాగలేదు. పెళ్ళిళ్ళ కాలాలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి.

దినాలనాడు వంట వారి పెరట్లోనే. సంతాపానికి వెళ్ళినవాడి కళ్ళు అట్టపెట్టెకోసం వెతికాయని ఇక్కడ నమోదు చేస్తున్నాను. కట్టెలు పేర్చి ఉన్నాయి, గుండిగలో నీళ్ళున్నాయి, పదకొండవుతోంది. వంటమాస్టరు మాత్రం అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. ఎందుకని వదిన అడిగింది.

“పాట రాలేదు కదమ్మా” అన్నాడు.

వదిన లోపలికి వెళ్ళి అట్టపెట్టె తెచ్చి నా చేతుల్లో పెట్టింది. “నీకిస్తానన్యాడంట కదప్పా. నువ్వే పెట్టు.”

బనియను అంచుతో తుడవడం నా హోదాకు కుదరదు గనుక చొక్కా అంచుతో తుడిచి పెట్టాను. గిటారు మూలిగింది, పొయ్యి ముట్టింది. కూరలు తరిగే ఆడవాళ్ళు కత్తిపీటల మీద తలలూపుతున్నారు. గిటారు దారి తప్పేచోట వంటమాస్టరు దానికంటే ముందే ఆ మలుపు తిరిగి కూనిరాగం తీశాడు. ఒకచోట ముల్లు గీత దాటి ఎగిరింది. పెరడంతా దాంతోపాటే ఎగిరి, తప్పకుండా అవతల దిగింది. దూరదేశపు ప్రతిలో ఆ గెంతు లేదు. అసలు పాట ఏదో వీళ్ళకే తెలుసు. తర్వాత ఏమొస్తుందో తెలియనివాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే.

అయిపోయాక రికార్డును పెట్టెలో పెట్టి చంకన పెట్టుకున్నాను. వంటమాస్టరు గంటె కిందపెట్టి, నా వైపు చూడకుండా అన్నాడు: “ఆదివారం నగరిలో పెండ్లుండాది. మైకు వదినమ్మ తమ్ముడు తీసకపోతాడంట. ఎసరు ఎట్ల పెట్టేది సార్?”

పెట్టెను తీసుకెళ్ళి గోడవారనున్న బూరల పక్కన, దాని పాత చోట పెట్టాను. త్యాగం చేశానని ఎవరూ అనుకోవద్దు. అసూయ యథాతథంగా కొనసాగుతోంది.

నడుం ఎత్తేసరికి ఎదురుగా గోడ, గోడ మీదుగా మా ఇల్లు కనిపించాయి. ఆయన రోజూ నిలబడి రికార్డు తుడిచే చోటు అదే. అక్కడినుంచి మా ఇంటిని చూడడం నాకదే మొదటిసారి. అలవాటు కొద్దీ మూసి వచ్చిన నా కిటికీ రెక్కలు రెండూ ఎండలో దగ్గరగా కనిపిస్తున్నాయి. ఎసరు ఆవిరి గోడ దాటి వెళ్ళి వాటికి తగులుతోంది.