రెండు పెట్టెల మధ్య తిరిగిన కబురు

పాత ఏ.సి. వేయగానే వచ్చే తడి దుమ్ము వాసన ఇప్పటికీ నన్ను 1988 వానాకాలానికి, ఉక్కు నగరంలోని మా కంప్యూటర్ గదికి తీసుకుపోతుంది. ఆ గదికి పెద్ద ఎస్తేరమ్మ గారు. గుమస్తాగా చేరిన నాకు యంత్రాన్ని నేర్పినది ఆమే. అందరి ముందూ తెర, కీబోర్డు మాత్రమే ఉన్న టెర్మినళ్లు; వాటన్నిటికీ ఒకటే యంత్రం. అందులో ఒక్కొక్కరి పేర ఒక మెయిల్ పెట్టె. పెట్టె అంటే నిజానికి ఒక ఫైలు. కొత్త ఉత్తరం పాతదాని కింద చేరుతుంది. పక్క కుర్చీలోని మనిషికైనా పని మాట మెయిల్లోనే పంపాలన్నది ఆమె నియమం.

"ఏటి మేడమ్, సెయ్యి సాపితే తగిలేలా ఉన్నాడు. ఈడికీ మెయిలేనా?" అనేవాడు నా సహోద్యోగి అప్పలరాజు.

"నోటిమాట నువ్వు మర్చిపోతావు రాజూ. పెట్టె మర్చిపోదు," అనేవారు ఆమె, నవ్వకుండా.

కుర్చీ వదిలి వెళ్లేవారు తమ పెట్టెను మరొకరికి అప్పగించాలన్నది రెండో నియమం. పెట్టెలో ఒక్క వరుస రాస్తే, వచ్చిన ఉత్తరాలన్నీ ఆ రెండో మనిషికి పోతాయి. శిక్షణకు హైదరాబాదు వెళుతూ నా పెట్టెను ఆమెకు అప్పగించాను.

"డిసెంబరులో నేను రిటైరవుతాను. నా కుర్చీలో కూర్చుంటావా బాబూ?" అని ఆ సాయంత్రం అడిగారు.

"వచ్చి చెప్తాను మేడమ్," అన్నాను. అర్హత లేదేమోనన్న బిడియం.

నేను తిరిగి రావలసిన రోజుకు ముందురోజు, అందరూ వెళ్లి అప్పలరాజు ఒక్కడే రాత్రి డ్యూటీలో ఉండగా, ఆమెకు గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రికి బయలుదేరుతూ కూడా నియమం తప్పలేదు. తన పెట్టెను నాకు అప్పగించారు. నాది అప్పటికే తన పేర ఉందన్న సంగతి ఆ నొప్పిలో తట్టి ఉండదు.

మర్నాడు ఉదయం రైలు దిగి తిన్నగా ఆఫీసుకు వెళ్లి, ముందుగా నా అప్పగింత వరుస తీసేశాను. పెట్టె ఖాళీ. ఆమె కుర్చీ కూడా ఖాళీగా ఉంటే సెలవనుకున్నాను. సాయంత్రం అప్పలరాజు వచ్చాడు.

"ఇక్కడున్నావేటి బావా? తెల్లారి డ్యూటీ దిగుతూ మెయిల్ పెట్టాను గదా. మేడమ్ మజ్జాన్నం పోయారు."

"నాకేమీ రాలేదు రాజూ."

నేను వచ్చి నా వరుస తీసేయకముందే యంత్రం అతని ఉత్తరాన్ని నా నుంచి ఆమెకు, ఆమె నుంచి నాకు తిప్పి తిప్పి, చివరకు చేరని ఉత్తరాలు దాచే ఫైలులో అతని దగ్గరే పడేసింది. ఉత్తరం చేరలేదన్న హెచ్చరిక అతని తెరమీదకు వచ్చేసరికి అతను ఆస్పత్రికి బయలుదేరాడు. ఫైలు తెరిచి చదివాను. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో: "మేడమ్ నిన్ను అడుగుతన్నారు. కుర్చీ సంగతి ఏటన్నాడూ అంటన్నారు. బేగి ఆస్పత్రికి రా."

ఆ కుర్చీలో చాలా ఏళ్లు కూర్చున్నాను. ఎవరికి మెయిల్ పంపినా లేచి వెళ్లి నోటితోనూ చెప్పడం అప్పుడే అలవాటైంది.

ఆమెను సమాధి చేసి వచ్చిన సాయంత్రం ఆమె పేరుకు ఒక్క వాక్యం పంపాను: "కూర్చుంటాను మేడమ్." ఆమె పెట్టె ఇంకా నాకే అప్పగించి ఉంది. మరుక్షణం, మీకు మెయిల్ వచ్చిందని నా తెర చెప్పింది. యంత్రాలు మారినప్పుడల్లా ఆ ఉత్తరమున్న ఫైలును వెంట తెచ్చుకుంటూనే ఉన్నాను. పంపినదీ నేనే, అందుకున్నదీ నేనే.